చన్నీటి డైవింగ్‌కు సన్నద్ధత: వెచ్చని సముద్రంలో నేర్చుకున్న మన ప్రాంతపు డైవర్లకు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకున్నవారిలో దాదాపు అందరి అనుభవమూ వెచ్చని నీటిదే. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలోనో, మురుడేశ్వర్ తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవి దగ్గరో పలుచని వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు) వేసుకుని, 28 డిగ్రీల నీటిలో మొదటి డైవ్‌లు చేసి, 18 మీటర్ల లోతు వరకు అనుమతించే సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. తరువాత చదువు కోసమో ఉద్యోగం కోసమో బ్రిటన్, జర్మనీ, నార్వే, కెనడా వంటి దేశాలకు వెళ్లినప్పుడు అదే సర్టిఫికెట్‌ను చూపి అక్కడి నీటిలోకి దిగాలనుకుంటారు. సర్టిఫికెట్ చెల్లుతుంది కానీ, వెచ్చని నీటిలో అలవడిన నైపుణ్యం మాత్రం 6 డిగ్రీల నీటిలో ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. చన్నీటి డైవింగ్‌ను ఓర్పుకు పరీక్షగా కాక, మొదటినుంచి మళ్లీ నేర్చుకోవలసిన పనిగా చూసేవారు అందులోని ఆనందాన్ని క్షేమంగా పొందగలుగుతారు.

చలి ఏ వరుసలో పనిచేస్తుంది

ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజామున గాలి 6, 7 డిగ్రీలకు పడిపోయినా స్వెటర్, మంకీ క్యాప్‌తో పొలానికి వెళ్లివస్తాం కాబట్టి, ఆ పాటి చలిని నీటిలోనూ తట్టుకోగలమని అనుకోవడం సహజం. కానీ నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా శరీరంలోని వేడిని లాగేస్తుంది. పైగా ఆ లాగడం ఒక క్రమంలో జరుగుతుంది. ఆ క్రమం తెలిస్తేనే సన్నద్ధత దేనికోసమో అర్థమవుతుంది.

మొదట దెబ్బతినేది శ్వాస. చల్లని నీరు ముఖానికి, మెడకు, ఛాతీకి తగలగానే ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పైకి పోతుంది. ఈ స్థితి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఉండి తగ్గిపోతుంది. రెండవది చేతులు: రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు కొంకర్లు పోతాయి, బకిల్ తీయడం, వాల్వ్ నొక్కడం వంటి చిన్న పనులు కూడా చేతకావు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటే దిగువకు పడిపోయే హైపోథెర్మియా చివరిది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ మూడు దశలను ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట అనే సూత్రంగా చెప్పారు. రక్షణ దుస్తులు లేకుండా మంచునీటిలో పడిపోయినవారికి ఉద్దేశించిన సూత్రమిది. సరైన సూటు వేసుకున్న డైవర్‌కు ఈ దశలు చాలా నెమ్మదిగా వస్తాయి, కొన్ని అసలు రాకపోవచ్చు. వచ్చే వరుస మాత్రం అదే. కాబట్టి శరీరం బిగుసుకుపోయేదాకా ఆగి పైకి రావాలనుకునేవారు ఆలస్యం చేసినట్టే, ఎందుకంటే అప్పటికి చేతులు ఎప్పుడో పనిచేయడం మానేసి ఉంటాయి.

ఎక్కడ, ఏ నెలలో మొదలుపెట్టాలి

మనకు ఎండలు ముదిరేది ఏప్రిల్, మే నెలల్లో కనుక, ఉత్తరాది దేశాలలో కూడా వేసవి మొదలైన వెంటనే నీరు వేడెక్కుతుందని భావించి మే నెలలో డైవ్‌కు ఏర్పాట్లు చేసుకునేవారున్నారు. సముద్రం గాలికంటే రెండు నెలలు వెనుకగా నడుస్తుంది. బ్రిటన్ చుట్టూ సముద్రం అన్నిటికంటే చల్లగా ఉండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అన్నిటికంటే వెచ్చగా ఉండేది ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో. మొదటి చన్నీటి డైవ్‌కు సెప్టెంబర్ తగిన నెల. అప్పుడు 14 నుంచి 16 డిగ్రీల నీటిలో కొత్త సూటుకు అలవాటుపడి, తరువాత చలికాలంలోకి క్రమంగా వెళ్లవచ్చు.

మంచినీటి చెరువులు, క్వారీల విషయం వేరు. మంచినీరు అత్యధిక సాంద్రతను పొందేది 4 డిగ్రీల వద్ద కాబట్టి, చలికాలంలో చల్లబడిన నీరు అడుగుకు చేరి అక్కడే నిలుస్తుంది. వేసవిలో పైన 18 డిగ్రీలు ఉన్నా, కొన్ని మీటర్లు దిగేసరికి ఒక గీత దాటినట్టుగా నీరు హఠాత్తుగా చల్లబడేది ఇందువల్లే. సూటును, గ్లోవ్స్‌ను పై నీటి ఉష్ణోగ్రతను బట్టి కాకుండా, మీరు దిగబోయే లోతులోని ఉష్ణోగ్రతను బట్టి ఎంచుకోవాలి.

ఇంగ్లండ్‌లోని లీస్టర్‌షైర్‌లో ఉన్న స్టోనీ కోవ్ మొదటి అడుగులకు అనువైన చోటు. కరీంనగర్ చుట్టుపక్కల వారికి దాని పుట్టుక కొత్తేమీ కాదు: అది ఒకప్పటి గ్రానైట్ క్వారీ. 1958లో పని ఆగిపోయాక ఊటనీరు నిండి, ఇప్పుడు సుమారు 35 మీటర్ల లోతున్న డైవింగ్ కేంద్రంగా మారింది. తక్కువ లోతులో ఒక మెట్టు, దాని దిగువన మరో మెట్టు ఉండడం వల్ల 6, 7 మీటర్ల దగ్గరే నిలిచి సాధన చేసుకోవచ్చు. ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా పగులు గురించి ఎక్కువమంది అడుగుతుంటారు. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాల మధ్య ఏర్పడిన ఆ పగులులో, లావా రాళ్ల గుండా వడకట్టుకుని వచ్చిన హిమానీనదపు నీరు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటుంది. అది 100 మీటర్ల దూరం కనిపించేంత తేటగా ఉంటుంది. అక్కడ డ్రైసూట్ (నీరు లోపలికి చేరనివ్వని సూటు) శిక్షణో, డ్రైసూట్‌తో చేసిన డైవ్‌ల రికార్డో లేనివారిని స్కూబాకు దించరు. సిల్‌ఫ్రాను మొదటి చన్నీటి డైవ్‌గా కాక, డ్రైసూట్ చేతికి అలవడ్డాక చేరవలసిన చోటుగా పెట్టుకోండి.

ఇంటి దగ్గరే చేసుకోగల సాధన

ముందు వైద్యపరీక్ష. చల్లని నీటిలో చర్మం దగ్గరి రక్తమంతా ఛాతీలోకి మళ్లడం వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం కొందరిలో ఉంటుంది. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో ఇది ఎక్కువ. మన ఊళ్లలో డాక్టర్ల దగ్గరకు డైవర్లు రావడం అరుదు కాబట్టి, శిక్షణ సంస్థలు ఇచ్చే వైద్య ప్రశ్నావళిని ముద్రించి వెంట తీసుకువెళ్లి, వెళ్లబోయే నీటి ఉష్ణోగ్రతను కూడా చెప్పి, బీపీ, గుండె, ఊపిరితిత్తులు చూపించుకోవడం మంచిది. చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారే లక్షణం ఉంటే దాచకుండా చెప్పాలి. నీటిలో ఉండగా శ్రమకు మించిన ఆయాసం, దగ్గు మొదలైతే డైవ్‌ను అక్కడితో ఆపి, బడ్డీకి (జంటగా దిగిన తోటి డైవర్‌కు) సైగ చేసి, మామూలు వేగంతో పైకి వచ్చి, వెంటనే ఆక్సిజన్ అడగాలని ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

మొదటి దశలో వచ్చే ఆ ఎగఊపిరిని సాధనతో తగ్గించవచ్చు. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ తన సహచరులతో చేసిన పరిశోధనల ప్రకారం, రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారు సార్లు చల్లని నీటిలో మునిగినా శరీరపు ప్రతిస్పందన సగానికి తగ్గుతుంది. వరంగల్‌లో బోరు నీళ్లు చలికాలంలో కూడా గోరువెచ్చగానే వస్తాయి కాబట్టి వాటివల్ల ప్రయోజనం లేదు. డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రంతా డాబా మీది ట్యాంకులో చల్లబడిన నీటితో తెల్లవారుజామున స్నానం మొదలుపెట్టి, కొన్ని రోజుల తరువాత బకెట్‌లో ఐసు గడ్డలు వేసుకుని నీటిని 15 డిగ్రీల దాకా తీసుకురండి. చిన్న థర్మామీటర్ ఉంటే ఊహించుకోవలసిన పని ఉండదు. భుజాల మీద నీరు పడినప్పుడు ఊపిరి బిగపట్టకుండా నిదానంగా, పూర్తిగా వదలడం మీదే ధ్యాస పెట్టాలి. ఆ తరువాత వెడల్పాటి బేసిన్‌లో ఐసు నీరు పోసి, స్నార్కెల్ (ఊపిరి గొట్టం) నోట పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖాన్ని ముంచి ఊపిరి తీయడం సాధన చేయండి. చన్నీటిలో మాస్క్ ఊడిపోయినప్పుడు చాలామంది తడబడేది ముఖానికి చలి తగిలి ఊపిరి లయ తప్పడం వల్లనే. కళ్లు కనిపించకపోవడం ఆ తరువాతి సమస్య. ఈ సాధనలన్నీ ఇంట్లో మరొకరు దగ్గర ఉన్నప్పుడే చేయాలి. గుండె, రక్తపోటు సమస్యలు ఉన్నవారు డాక్టర్ ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. ఈ అలవాటు శ్వాసను మాత్రమే కుదుటపరుస్తుంది, వేడి పోయే వేగాన్ని ఏమాత్రం తగ్గించదు కాబట్టి పలుచని సూటుతో సరిపెట్టుకోవడానికి దీనిని కారణంగా చూపకూడదు.

చేతుల సాధన ఇంకా సులభం. ఉన్ని చేతి తొడుగుల మీద మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్లు మూసుకుని, బీసీడీ (గాలి నింపి తేలుదలను సరిచేసుకునే జాకెట్) బకిల్స్ తీయడం, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ప్రెజర్ గేజ్ వెతికి పట్టుకోవడం, కొక్కేలను తగిలించడం, తీయడం రోజూ కొంతసేపు చేయండి. మొదట్లో విసుగు పుట్టించినా, వారం గడిచేసరికి వేళ్లు దారి తెలుసుకుంటాయి.

లక్నవరం, పాకాల, రామప్ప చెరువుల్లో గానీ, నీరు నిండిన క్వారీ గుంతల్లో గానీ సొంతంగా సాధన చేయాలన్న ఆలోచన వద్దు. ఊరి బావిలో ఈత నేర్చుకున్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. నిట్టనిలువు గోడలు, అడుగున తుప్పుపట్టిన తీగలు, ఏమీ కనిపించని మురికి నీరు, ప్రమాదం జరిగితే ఆక్సిజన్ అందించేవారు లేకపోవడం, ఇవన్నీ ప్రాణానికి ముప్పే. మంథని దగ్గరి శివారం అభయారణ్యం వైపు గోదావరిలో మొసళ్లు కూడా ఉన్నాయి. మాస్క్ తీసి పెట్టుకోవడం, నీటిలో తేలికగా నిలకడగా ఉండడం వంటి పాఠాలు ఈత కొలనులో, శిక్షకుడి సమక్షంలో మాత్రమే నెమరువేసుకోండి.

సూటు

వెట్‌సూట్ నియోప్రీన్ అనే రబ్బరులోని చిన్న చిన్న గాలి బుడగల వల్ల వెచ్చదనాన్ని ఇస్తుంది. 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపు కావడంతో ఆ బుడగలు దాదాపు సగానికి కుంచించుకుపోతాయి, అంటే చలి ఎక్కువైన చోటనే సూటు పలుచబడుతుంది. 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్, లేదా మణికట్టు, చీలమండల దగ్గర బిగుతైన సీళ్లున్న సెమీ డ్రై సూటు 14 డిగ్రీల నీటిలో ఒక చిన్న డైవ్‌కు సరిపోవచ్చు. 10 డిగ్రీలకంటే తక్కువ నీటికి డ్రైసూట్ తప్ప మరొక సూటును నేను సూచించను. రెండో డైవ్‌కు ముందు తడి సూటుతో గాలిలో నిలబడవలసిన అవసరం లేకపోవడమే దాని విలువను చెబుతుంది.

డ్రైసూట్ తనంతట తాను వెచ్చదనం ఇవ్వదు, ముఖ్యంగా పలుచని పొరల బట్టతో చేసినది. అది నీటిని బయట ఉంచుతుంది. వెచ్చదనం లోపల వేసుకునే దుస్తులది. చర్మానికి ఆనుకుని నూలు బనియన్ వేసుకోవడం మనవారు తరచుగా చేసే పొరపాటు. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. వానలో తడిసినా కాపరి భుజాల మీద వెచ్చగానే ఉండే గొంగడి లాగా, ఉన్ని కొంత తడిసినా వేడిని నిలుపుతుంది కాబట్టి లోపలి పొరగా మెరినో ఉన్ని దుస్తులు, వాటి మీద మందపాటి అండర్‌సూట్ వేసుకోవాలి. సాక్సులకూ ఇదే నియమం.

మెడ, మణికట్టు సీళ్ల విషయంలో మన అలవాట్లను కొంత మార్చుకోవాలి. మణికట్టుకు కట్టుకున్న కంకణం దారం, గాజులు, మెడలోని గొలుసు, నల్లపూసలు సీలు కింద చిక్కుకుంటే ఆ సందులోంచి నీరు లోపలికి పాకుతుంది. ఉంగరాలు, పెరిగిన గోళ్లు సీళ్ల లేటెక్స్ రబ్బరును చీలుస్తాయి. తలకు కొబ్బరినూనె రాసుకుని డైవ్‌కు వెళ్లకండి, నూనె లేటెక్స్‌ను త్వరగా పాడుచేస్తుంది. సీలు సులభంగా జారడానికి సువాసన లేని టాల్కం పౌడర్ చాలు. అద్దె సూటు అయితే మెడ సీలు మరీ బిగుతుగా లేదని చూసుకోండి. మెడ పక్కనున్న రక్తనాళాల మీద ఒత్తిడి పడితే గుండె వేగం పడిపోయి కళ్లు తిరుగుతాయి.

డ్రైసూట్‌ను తప్పనిసరిగా శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి. లోతుకు వెళ్లేకొద్దీ సూటు శరీరాన్ని పిండినట్టు బిగుసుకుంటుంది, ఛాతీ మీది వాల్వ్‌తో సూటులోకి కొద్దికొద్దిగా గాలి వదిలితే ఆ బిగుతు సడలుతుంది. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది కనుక ఎడమ భుజం దగ్గరి వాల్వ్ తెరిచి ఉంచి, మోచేతిని ఎత్తి బయటకు పంపాలి. తల కిందికి వంగి ఉన్నప్పుడు గాలి పాదాల వైపు చేరితే, కాళ్లు పైకి లేచి, భుజం వాల్వ్‌కు గాలి అందక, అదుపు లేకుండా ఉపరితలానికి తేలిపోయే ప్రమాదం ఉంది. మోకాళ్లు ముడుచుకుని దొర్లి నిటారుగా రావడమే దానికి విరుగుడు. ఈ ఒక్క కదలికను కొలనులో ఆలోచించకుండా చేయగలిగేంతవరకు సాధన చేయనిదే బయటి నీటిలోకి దిగవద్దు. బిగుతు సడలడానికి కావలసినంత గాలినే సూటులో ఉంచి, మిగిలిన తేలుదలను బీసీడీతో సరిచూసుకోవడం కొత్తవారికి తేలికైన పద్ధతి.

అండమాన్‌లో 4 కిలోల బరువు పెట్టుకున్నవారికి డ్రైసూట్, అండర్‌సూట్‌తో 10, 12 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చు. స్టీల్ సిలిండర్ నీటిలో బరువెక్కువ కాబట్టి అల్యూమినియం సిలిండర్‌తో వేసిన లెక్క దానికి వర్తించదు. సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు 2.5 శాతం సాంద్రమైనది, అంటే పరికరాలతో కలిపి 100 కిలోలుండే డైవర్‌కు క్వారీ నుంచి సముద్రానికి మారితే దాదాపు రెండున్నర కిలోల తేడా. సిలిండర్‌లో 50 బార్ (పీడనపు కొలమానం) గాలి మాత్రమే మిగిలి ఉండగా, బీసీడీ ఖాళీ చేసి, 5 మీటర్ల వద్ద కదలకుండా నిలబడగలిగితే బరువు సరిపోయినట్టు. దానికి మించి పెట్టుకున్న ప్రతి కిలోకూ సూటులో అదనపు గాలి కావాలి. ఆ అదనపు గాలే పాదాల వైపు పరుగెత్తేది.

తలను కప్పే హుడ్ చెవులకు బాగా అమరాలి. ఒక చెవిలోకి మాత్రమే చన్నీరు చొరబడితే లోపలి సమతౌల్యం చెదిరి, కొద్దిసేపు నీరంతా గిర్రున తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. అలా జరిగితే తాడునో రాతినో పట్టుకుని, చెవిలోని నీరు వేడెక్కేదాకా ఆగితే తగ్గిపోతుంది.

రెగ్యులేటర్, గాలి లెక్క

రెగ్యులేటర్ సిలిండర్ గాలి పీడనాన్ని రెండు దశల్లో తగ్గించి నోటికి అందిస్తుంది. సిలిండర్‌లోని 200 బార్ల గాలి దాని మొదటి దశలో ఒక్కసారిగా తక్కువ పీడనానికి వ్యాకోచించినప్పుడు తీవ్రంగా చల్లబడుతుంది. చుట్టూ నీరు కూడా చల్లగా ఉంటే లోపలి స్ప్రింగ్ దగ్గర మంచు కట్టి, వాల్వ్ తెరిచినట్టే ఉండిపోయి, గాలి ఆగకుండా బయటకు పోతుంది. దీనినే ఫ్రీ ఫ్లో అంటారు. ఇలా జరిగితే సిలిండర్ కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీలకంటే తక్కువ నీటికి పనికిరాని రెగ్యులేటర్ మీద ఆ పరిమితి గుర్తు వేసి ఉంటుంది. అండమాన్‌లో ఉపయోగించిన రెగ్యులేటర్‌ను వెంట తీసుకువెళ్లే ముందు ఆ గుర్తును చూడండి. నీరు లోపలికి చేరకుండా మూసి ఉంచిన మొదటి దశ ఉన్నదానినే అద్దెకు అడగండి.

అలవాట్లు కూడా అంతే ముఖ్యం. ఒడ్డున రెగ్యులేటర్‌తో ఊపిరి తీసి చూడడం, పర్జ్ బటన్ (గాలిని ఒక్కసారిగా బయటకు వదిలే మీట) నొక్కడం చన్నీటి డైవ్‌కు ముందు మానుకోవాలి. ఊపిరిలోని తేమ అక్కడే మంచుగా మారే ప్రమాదం ఉంది. బీసీడీలోకి, సూటులోకి ఒకేసారి గాలి వదలకుండా చిన్న చిన్న విడతలుగా వదలాలి. ఫ్రీ ఫ్లో మొదలైతే మౌత్‌పీస్‌ను పెదవులతో గట్టిగా మూయకుండా, పొంగివచ్చే గాలినుంచి కావలసినంత తీసుకుంటూ, బడ్డీకి చూపి, పైకి బయలుదేరాలి.

గాలి లెక్కను కాగితం మీద వేసుకోండి. నింపినప్పుడు 30 డిగ్రీలున్న సిలిండర్ 200 బార్ చూపితే, 4 డిగ్రీల నీటిలో అది సుమారు 180కి పడిపోతుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి పీడనం తగ్గింది. 12 లీటర్ల సిలిండర్‌లో 70 బార్లను అత్యవసరానికి పక్కన పెడితే వాడుకోవడానికి మిగిలేది 110 బార్లు, అంటే 1,320 లీటర్లు. వెచ్చని నీటిలో నిమిషానికి 15 లీటర్లు పీల్చేవారు చలిలో 20 లీటర్లు అనుకోవాలి. 15 మీటర్ల లోతులో పీడనం రెండున్నర రెట్లు కాబట్టి నిమిషానికి 50 లీటర్లు ఖర్చవుతాయి. లెక్క 26 నిమిషాలకు తేలుతుంది, దిగడం, పైకి రావడం అందులోనే. హేవ్‌లాక్‌లో 45 నిమిషాలు తిరిగినవారికి ఇది తక్కువగా అనిపించినా, మొదటి రోజుకు ఇదే ఎక్కువ.

మొదటి రోజు

డైవ్‌కు ముందు కడుపునిండా కాకపోయినా గట్టి ఆహారమే తీసుకోండి. జొన్నరొట్టె, గుడ్డు వంటివి బాగుంటాయి. చల్లని నీటిలో మూత్రం ఎక్కువగా వస్తుందని నీళ్లు తాగడం మానకూడదు. మద్యం చర్మపు రక్తనాళాలను విప్పి వేడిని పోగొడుతుంది కాబట్టి ముందురోజు రాత్రి నుంచే వద్దు. ఒడ్డున చలిలో నిలబడి సూటు వేసుకోవడం వల్ల నీటిలోకి దిగకముందే కొంత వేడి పోతుంది, అందుకని బ్రీఫింగ్ పూర్తయ్యేదాకా మంకీ క్యాప్, కోటు తీయకండి.

నీటిలోకి దిగాక వెంటనే లోతుకు పోకుండా, ఉపరితలం మీద ముఖం తడుపుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తరువాత 6 మీటర్ల దగ్గర మాస్క్‌లో కొంచెం నీరు నింపి తీసివేయడం, గేజ్ చూడడం, సూటులోంచి గాలి వదలడం చేసి చూడండి. బొటనవేలిని చిటికెనవేలికి తాకించగలుగుతున్నారా అని ప్రతి ఐదు నిమిషాలకూ పరీక్షించుకోవడం మంచి అలవాటు. తాకించలేకపోతే డైవ్ ముగిసినట్టే. మొదటి వణుకు కూడా పైకి రమ్మనే సైగే, గేజ్‌లో గాలి ఎంత ఉన్నా సరే. ఈ మాట బడ్డీతో ఒడ్డుమీదే అనుకోవాలి. మన వాళ్లలో ఎదుటివారి సరదా చెడగొట్టకూడదనే మొహమాటం ఎక్కువ, అది నీటి కింద ప్రమాదకరం.

చలికి, పైకి వచ్చేటప్పుడు ఒంట్లో నత్రజని బుడగలు కట్టడం వల్ల వచ్చే జబ్బుకు సంబంధం ఉంది. లోతులో వెచ్చగా ఉండి, పైకి వచ్చే సమయంలో చల్లబడినవారిలో ఆ జబ్బు ముప్పు పెరుగుతుందని అమెరికా నౌకాదళపు ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన అధ్యయనం చూపింది. లోతునూ సమయాన్నీ లెక్కించే డైవ్ కంప్యూటర్‌కు మీ చలి తెలియదు కనుక దాని సెట్టింగును మరింత జాగ్రత్త వైపు మార్చి, లోతూ సమయమూ తగ్గించి, పైకి తేలేముందు కాసేపు ఆగే చివరి మజిలీలో వణకకుండా ఉండగలిగేలా డైవ్‌ను రూపొందించుకోవాలి. బయటకు రాగానే మరిగే వేడినీటి షవర్ కింద నిలబడకుండా, పొడి దుస్తులు వేసుకుని, ఫ్లాస్కులోని అల్లం చాయ్ తాగి, నిదానంగా వేడెక్కండి. వరసగా డైవ్‌లు చేసినట్టయితే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి, హైదరాబాద్ టికెట్టు దానికి తగ్గట్టు చూసుకోండి.

ఆ సాయంత్రమే లాగ్‌బుక్‌లో అడుగు నీటి ఉష్ణోగ్రత, వేసుకున్న పొరలు, పెట్టుకున్న బరువు, సిలిండర్ రకం, ఏ నిమిషంలో చేతులు చల్లబడ్డాయన్నది రాసిపెట్టుకోండి. రెండో డైవ్‌లో పొర పెంచాలా, బరువు తగ్గించాలా అన్నది ఆ వివరాలనుబట్టే తేలుతుంది.